పదిహేడేళ్లకే ఐదు చుక్కలు

2021 డిసెంబరు 15. జార్జియా రాష్ట్రంలోని సువానీ పట్టణం, కాలిన్స్ హిల్ హైస్కూల్. బల్ల మీద కాలేజీల టోపీలు వరుసగా పెట్టి ఉన్నాయి. వాటి వెనక కూర్చున్న కుర్రాడి పేరు ట్రావిస్ హంటర్. దేశం మొత్తం మీద ఆ ఏటి హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లలో నంబర్ వన్ అని పేరు పడ్డవాడు. ఏ టోపీ తీసి తల మీద పెట్టుకుంటే ఆ కాలేజీకి వెళ్తున్నట్టు లెక్క. నిజానికి పెద్ద ఉత్కంఠేమీ లేదు. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయానికి ఎప్పుడో మాటిచ్చేశాడు. అభిమానులు ఆ పేరును తమ జాబితాలో సిరాతో రాసేసుకున్నారు.

హంటర్ తీరా పెట్టుకున్నది జాక్సన్ స్టేట్ టోపీ.

మిసిసిపీలో ఉన్న జాక్సన్ స్టేట్ నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన పాత విశ్వవిద్యాలయం. ఫుట్‌బాల్‌లో అది రెండో అంచె జట్టు. అంత పెద్ద ర్యాంకు ఉన్న కుర్రాడు అలాంటి చోటికి వెళ్లడమన్నది అంతవరకూ లేదు. ఫ్లోరిడా స్టేట్ అభిమానుల పుండు మీద కారం ఏమిటంటే, వాణ్ని తన్నుకుపోయిన కోచ్ డియాన్ శాండర్స్ ఒకప్పుడు ఫ్లోరిడా స్టేట్‌కే ఆడి పెద్దవాడైన మనిషి. తర్వాత శాండర్స్ వెంట హంటర్ కొలరాడోకు వెళ్లాడు. బంతి పట్టేవాడిగా, ఎదుటివాళ్లను పట్టనివ్వనివాడిగా రెండు వైపులా ఆడి 2024లో హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. ఏటా కాలేజీ ఆటగాళ్లందరిలో ఒక్కడికే ఇచ్చే బహుమతి అది. 2025లో వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోని జాక్సన్‌విల్ జట్టు వాణ్ని రెండో ఎంపికగా తీసుకుంది.

ఎక్కడికి వెళ్తాడన్న జోస్యం తప్పింది. ఏమవుతాడన్న జోస్యం ఫలించింది. ఈ ఆటను పట్టుకు వేలాడే అభిమానులకు ఇది వింతగా తోచడానికి కారణం ఉంది. మామూలుగా జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు.

ఆట మొదలయ్యేది ఆట లేనప్పుడు

ఇక్కడ చెప్పుకొంటున్న ఫుట్‌బాల్ కోడిగుడ్డు ఆకారపు బంతితో, తలకు హెల్మెట్, భుజాలకు దిళ్లు కట్టుకుని ఆడేది. అమెరికాలో కాలేజీ జట్ల ఆటకున్న జనాన్ని మనం ఊహించుకోవడం కష్టం. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. ఎన్ఎఫ్ఎల్‌లో ఆడాలంటే హైస్కూల్ దాటి మూడేళ్లు గడవాలి. కాబట్టి ఆ దారిలో వెళ్లేవాళ్లలో దాదాపు అందరూ కాలేజీ మీదుగానే పోవాలి.

ఎన్ఎఫ్ఎల్‌లో జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకుంటాయి, ఆటగాడికి మాట ఉండదు. కాలేజీలో అలా కాదు, ఎంచుకునేది కుర్రాడే. పదహారు పదిహేడేళ్ల పిల్లవాడి ఇంటి సోఫాలో కోట్ల డాలర్ల జీతం తీసుకునే కోచ్ వచ్చి కూర్చుంటాడు, వాళ్ల అమ్మమ్మతో ముచ్చట్లాడతాడు. పిల్లవాడు ఒప్పుకుంటే 'కమిట్' అయ్యాడంటారు. ఆ నోటిమాటకు చట్టపరంగా విలువ లేదు. సంతకం పడేదాకా ఎన్నిసార్లైనా మనసు మార్చుకోవచ్చు. ఏటా ఫిబ్రవరి మొదటి బుధవారం ఆ సంతకాల రోజు. 2017 నుంచి డిసెంబరులోనే ముందస్తు సంతకాలకూ వీలిచ్చారు. ఇప్పుడు ఎక్కువమంది పని అక్కడే తేలిపోతోంది.

హైస్కూళ్లలో ఈ ఆట ఆడే పిల్లలు పది లక్షలకు పైమాటే. వాళ్లను తీసుకునే అగ్రశ్రేణి కాలేజీ జట్లు నూట ముప్పై చిల్లర. ఆ మధ్యలో ఉన్న సందులోనే జోస్యాల వ్యాపారం పుట్టింది.

ఈ పిచ్చి ఇంటర్నెట్‌తో వచ్చిందనుకుంటే పొరపాటు. 1980లో హర్షల్ వాకర్ అనే కుర్రాడు ఏ కాలేజీకి వెళ్తాడన్నది జార్జియా రాష్ట్రాన్ని నెలల తరబడి నిద్రపోనివ్వలేదు. చివరికి ఈస్టర్ ఆదివారం నాడు జార్జియా విశ్వవిద్యాలయానికి సంతకం పెట్టాడు, మొదటి ఏడాదే జట్టు జాతీయ విజేత అయింది. షికాగో మనిషి టామ్ లెమింగ్ ఆ రోజుల్లోనే కారేసుకుని ఊరూరా తిరిగి, హైస్కూల్ ఆటగాళ్లను కళ్లారా చూసి, పత్రిక అచ్చేసి అమ్మేవాడు. ఆ తర్వాత నిమిషానికి ఇంతని వసూలు చేసే ఫోన్ లైన్లు వచ్చాయి. పలానా కుర్రాడు ఏ విమానం ఎక్కాడో తెలుసుకోవడానికి జనం డబ్బు కట్టి ఫోన్ చేసేవారు. ఆ పైన రైవల్స్, 247స్పోర్ట్స్, ఆన్3 లాంటి సంస్థలు. నెలకు పది డాలర్ల చొప్పున చందా కట్టే అభిమానులే వీటికి మహారాజపోషకులు.

247స్పోర్ట్స్ తన జోస్యాల విభాగానికి పెట్టిన పేరు 'క్రిస్టల్ బాల్'. పలానా కుర్రాడు పలానా కాలేజీకే వెళ్తాడని పేరున్న విలేకరులు తమ అంచనా నమోదు చేస్తారు. ఎవరి అంచనా ఎంత శాతం నిజమైందో పక్కనే కనిపిస్తుంది. సంతకాల రోజు దగ్గర పడేకొద్దీ ఈ అంచనాలు నిజమయ్యేవే ఎక్కువ. అందులో మంత్రమేమీ లేదు. కుర్రాడి హైస్కూల్ కోచ్, వాళ్ల మేనమామ, కాలేజీ సహాయ కోచ్... ఎవరో ఒకరు నోరు జారతారు. అభిమానులు తమ వంతుగా కోచ్‌లు ఎక్కే ప్రైవేటు విమానాలు ఏ ఊళ్లో దిగాయో కనిపెడుతుంటారు. కుర్రాడు ఎవరిని ఫాలో అవుతున్నాడు, ఎవరిని వదిలేశాడు, ఆటకు వచ్చినప్పుడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడు అన్నీ సాక్ష్యాలే.

ఈ హడావుడిలో అవతల ఉన్నది పిల్లలన్న సంగతి మరుగున పడుతుంది. 2008లో నెవాడాలోని ఒక చిన్న పట్టణంలో ఒక కుర్రాడు బడి జిమ్నాజియంలో అందరినీ పోగేసి, కెమెరాల ముందు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం టోపీ ఎంచుకున్నాడు. ఆరా తీస్తే వాణ్ని రమ్మని ఆ కాలేజీ అడగలేదు. ఏ పెద్ద కాలేజీ కూడా అడగలేదు. అంతా వాడే కల్పించుకున్నాడు. దేశమంతా నవ్వింది. బల్ల మీద టోపీలు లేని కుర్రాడికి విలువే లేదన్న లోకాన్ని కట్టింది మాత్రం పెద్దవాళ్లే.

చుక్కలు ఎలా పడతాయి

కుర్రాళ్లకు ఇచ్చే గ్రేడు నక్షత్రాల్లో ఉంటుంది. రెండు నక్షత్రాలంటే చిన్న కాలేజీ సరుకు, ఐదంటే తిరుగులేనివాడు. 247స్పోర్ట్స్ ఏటా ఐదు నక్షత్రాలిచ్చేది సుమారు ముప్పై రెండు మందికి. ఎన్ఎఫ్ఎల్ ఎంపికల మొదటి రౌండులో 32 స్థానాలుంటాయి కాబట్టి ఆ లెక్క. అంటే పదిహేడేళ్ల కుర్రాడికి ఐదో నక్షత్రం పెట్టడమంటే నాలుగైదేళ్ల తర్వాత వాడు దేశంలో మొదటి ముప్పై రెండు మందిలో ఉంటాడని పందెం కాయడమే.

ఈ గ్రేడు ఇచ్చేవాళ్లు ఆట వీడియోలు చూస్తారు, శిబిరాల్లో పరుగు, గెంతు కొలుస్తారు, ఎత్తు బరువులు చూస్తారు. ఇంకోటి కూడా చూస్తారు, అది పైకి పెద్దగా చెప్పుకోరు. అలబామా లాంటి జట్టు ఎవరూ పట్టించుకోని త్రీ స్టార్ కుర్రాణ్ని రమ్మంటే, కొన్నాళ్లకు వాడికి నాలుగో నక్షత్రం పడుతుంది. అక్కడ నిక్ సేబన్ కోచ్‌గా ఉన్న రోజుల్లోనైతే, అంతటివాడి కన్ను పడ్డాక మనం కాదనడమేమిటన్న ధీమా. అందులో తర్కం లేకపోలేదు. కానీ మంచి జట్లన్నీ ఎక్కువ నక్షత్రాలవాళ్లనే తీసుకున్నాయని ఆ పైన లెక్కలు తీస్తే, కొంత మేరకు పాము తన తోకనే కొలిచినట్టవుతుంది.

అయినా నక్షత్రాలు ఉత్తివని కొట్టిపారేయడం కుదరదు. ఫైవ్ స్టార్లలో ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్లేవాళ్ల శాతం త్రీ స్టార్లలో వెళ్లేవాళ్ల శాతం కన్నా చాలా ఎక్కువ. కాకపోతే త్రీ స్టార్లు వేలల్లో ఉంటారు కాబట్టి, పెద్దవాళ్లయిన ఆటగాళ్ల జాబితా తీస్తే వాళ్లే గుంపుగా కనబడతారు. తమ జట్టుకు మంచి కుర్రాళ్లు దొరకని అభిమానులు ఈ రెండో వాక్యం ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు.

ఈ రెండు నిజాలూ ఒకే రాత్రి పక్కపక్కన నిలబడిన సందర్భం ఒకటుంది. 2014 ఎన్ఎఫ్ఎల్ ఎంపికలు. మొట్టమొదటి పేరు జేడవియాన్ క్లౌనీ. దక్షిణ కరొలైనాలోని రాక్ హిల్ కుర్రాడు, 2011లో దేశంలో నంబర్ వన్. 247 లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న బహుకొద్ది మందిలో ఒకడు. తన పద్దెనిమిదో పుట్టినరోజు నాడు, ఫిబ్రవరి 14న, ఏ కాలేజీయో టీవీలో ప్రకటించాడు. జోస్యం అక్షరాలా ఫలించింది.

అదే రాత్రి ఐదో పేరు ఖలీల్ మాక్. అదే తరహా స్థానం, ఎదుటి జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే పని. హైస్కూల్లో ఆలస్యంగా ఫుట్‌బాల్‌కు వచ్చిన టూ స్టార్. అగ్రశ్రేణిలో వాణ్ని అడిగింది బఫలో విశ్వవిద్యాలయం. ఒక వీడియో గేమ్ తయారుచేసినవాళ్లు వాడి ఆటకు 46 మార్కులిస్తే, ఆ అవమానం మరిచిపోకుండా ఉండటానికి కాలేజీలో 46 నంబరు చొక్కానే తొడుక్కున్నాడు. పదమూడో పేరు ఆరన్ డొనాల్డ్, పిట్స్‌బర్గ్ కుర్రాడు, త్రీ స్టార్. డిఫెన్స్ లైనులో ఆడటానికి పొట్టివాడని అనిపించుకున్నవాడు.

ఎన్ఎఫ్ఎల్‌లో ఏటి ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి బహుమతి మాక్‌కు ఒకసారి వచ్చింది, డొనాల్డ్‌కు మూడుసార్లు. క్లౌనీ మంచి ఆటగాడిగా చాలా ఏళ్లు నిలిచాడు, ఆ బహుమతి మాత్రం రాలేదు. మరి జోస్యం నెగ్గినట్టా, ఓడినట్టా? రెండు పక్షాలవాళ్లూ ఇదే రాత్రిని తమ సాక్ష్యంగా చూపించుకుంటారు.

చేర్చుకోవడమా, చెక్కడమా

ఇంటర్ ఫలితాల మర్నాడు మన పత్రికల మొదటి పేజీల నిండా ర్యాంకుల ఫోటోలు పడతాయి. ఆ పిల్లలు ఆ కాలేజీలో చదివినందువల్ల ర్యాంకు తెచ్చుకున్నారా, లేక ర్యాంకు వచ్చే పిల్లల్నే ఏరి చేర్చుకున్నారా అని బస్టాండులో పెద్దమనుషులు వాదించుకుంటారు. అమెరికా ఫుట్‌బాల్ అభిమానుల మధ్య నడిచేది అచ్చం ఆ గొడవే.

ఏరి చేర్చుకోవడమే అసలు సంగతి అనేవాళ్లకు బడ్ ఎలియట్ అనే విశ్లేషకుడు ఒక సూత్రం కట్టి ఇచ్చాడు. వెనకటి నాలుగేళ్లలో జట్టులో చేరిన కుర్రాళ్లలో సగం కన్నా ఎక్కువమంది ఫోర్, ఫైవ్ స్టార్లై ఉండాలి. లేకపోతే ఆ జట్టు జాతీయ విజేత కాలేదు. దీన్ని 'బ్లూ చిప్ రేషియో' అంటారు. ఏళ్ల తరబడి ఈ గీత దాటని జట్టేదీ గెలవలేదు. సేబన్ అలబామాలో ఆరు టైటిళ్లు గెలిచిన కాలంలో, చేరికల పట్టికలో ఏడేళ్లపాటు వరుసగా మొదటి స్థానం ఆ జట్టుదే. అంత సరుకు తెచ్చిపెట్టుకున్నాక గొప్ప కోచ్ అని వేరే చెప్పాలా అని ఎదుటి జట్ల వాళ్లు గొణుక్కునేవారు.

ఆ గొణుగుడుకు జవాబు టెక్సస్ ఏ అండ్ ఎం చెప్పింది. 2022లో ఆ జట్టు చేర్చుకున్న కుర్రాళ్ల గుంపుకు 247 చరిత్రలోనే అత్యధిక మార్కులు పడ్డాయి. అభిమానులు పండగ చేసుకున్నారు. ఆ ఏడాది జట్టు గెలిచింది ఐదు, ఓడింది ఏడు. మరుసటి ఏడాది నవంబరులో కోచ్ జింబో ఫిషర్‌ను ఇంటికి పంపించేశారు. ఒప్పందం ప్రకారం ఆయనకు కట్టాల్సిన పరిహారం ఏడున్నర కోట్ల డాలర్లకు పైనే. ఆ గుంపులో చాలామంది తలో దిక్కు వెళ్లి వేరే జట్లకు ఆడుకున్నారు.

చెక్కడమే అసలు పని అనేవాళ్లు సాధారణంగా అయోవా పేరెత్తుతారు. మొక్కజొన్న చేలు, చలిగాలులు ఉన్న ఆ రాష్ట్రానికి ఫైవ్ స్టార్లు పెద్దగా రారు. 1999 నుంచి అక్కడ కోచ్‌గా ఉన్న కర్క్ ఫెరెంజ్ పద్ధతి ఒక్కటే, ఎముక గూడు బాగున్న కుర్రాణ్ని తెచ్చుకుని, రెండేళ్లు తిండి పెట్టి, బరువులెత్తించి, కావాలంటే స్థానం మార్చేయడం. రాబర్ట్ గ్యాలరీ బంతి పట్టే టైట్ ఎండ్‌గా వచ్చి, లైనులో కాపలా కాసే టాకిల్‌గా మారి, 2004లో రెండో ఎంపికయ్యాడు. డాలస్ క్లార్క్ స్కాలర్‌షిప్ కూడా లేకుండా సొంత ఖర్చుతో డిఫెన్స్‌లో ఆడే లైన్‌బ్యాకర్‌గా చేరి, టైట్ ఎండ్‌గా మారి మొదటి రౌండులో పోయాడు. సెంట్రల్ మిషిగన్ అనే ఇంకా చిన్న జట్టు నుంచి వచ్చిన టూ స్టార్ ఎరిక్ ఫిషర్‌దైతే 2013లో దేశంలోనే మొట్టమొదటి పేరు.

సెంట్రల్ మిషిగన్‌లోనే జె.జె. వాట్ కథ మొదలైంది, కానీ అక్కడ ముగియలేదు. టైట్ ఎండ్‌గా ఒక సీజన్ ఆడాక స్కాలర్‌షిప్ వదులుకుని ఇంటికొచ్చేశాడు, పిజ్జాలు డెలివరీ చేశాడు. తర్వాత సొంత రాష్ట్రంలోని విస్కాన్సిన్ జట్టులో స్కాలర్‌షిప్ లేకుండా చేరి డిఫెన్స్‌కు మారాడు. హ్యూస్టన్ జట్టుకు ఆడుతూ ఏటి ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి బహుమతి మూడుసార్లు తీసుకున్నాడు.

ఇక్కడ అభిమానులు తరచూ కలిపేసే రెండు సంగతుల్ని విడదీయాలి. కోచ్ నేర్పినందువల్ల ఎదగడం ఒకటి, ఊరికే వయసు వచ్చినందువల్ల ఎదగడం ఇంకొకటి. జాష్ ఆలెన్ కాలిఫోర్నియాలోని ఫైర్‌బా అనే పల్లెటూరి రైతు కుటుంబం కుర్రాడు. హైస్కూల్ ముగిసేసరికి అగ్రశ్రేణి కాలేజీ ఒక్కటీ రమ్మనలేదు. రెండేళ్ల కాలేజీ రీడ్లీలో చేరి, ఎత్తూ బరువూ పెరిగాక, దేశంలోని కోచ్‌లందరికీ తానే ఈమెయిళ్లు పంపుకున్నాడు. వయోమింగ్ తీసుకుంది. 2018లో ఏడో ఎంపిక, 2024 సీజన్‌కు ఎన్ఎఫ్ఎల్ మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడు. పదిహేడేళ్లప్పుడు వాణ్ని చూసినవాళ్ల కళ్లు పోయాయా అంటే పోలేదు. వాళ్లు చూసినప్పుడు ఆ ఒళ్లు అలా లేదు. ఇరవై ఒకటో ఏట పూర్తయ్యే శరీరానికి పదిహేడో ఏట మార్కులు వేయడంలోనే తిరకాసుంది. ఏ కాలేజీకి వెళ్తాడో కనుక్కోవడానికి మేనమామ నోరు జారితే చాలు. ఎదుగుదల గురించి చెప్పగలిగిన మేనమామ ఎవరూ లేరు.

టెక్సస్ దీనికి కొంత మినహాయింపు. అక్కడ పిల్లలు హైస్కూల్లోనే సగం చెక్కిన శిల్పాల్లా తయారై వస్తారు. డాలస్ ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ తెలుగు ఇళ్లలో రోజూ వినబడే పేర్లు. ఆ అలెన్ హైస్కూల్ 2012లో ఆరు కోట్ల డాలర్లతో 18,000 మంది పట్టే స్టేడియం కట్టుకుంది, కేవలం బడి పిల్లల ఆటకు. కైలర్ మర్రీ అక్కడే ఒక్క ఆటా ఓడకుండా మూడు రాష్ట్ర టైటిళ్లు గెలిచి, ఓక్లహోమాలో హైస్మన్ అందుకుని, 2019లో మొట్టమొదటి ఎంపికయ్యాడు. ఫైవ్ స్టార్ జోస్యం నెగ్గింది. ఆ చుట్టుపక్కలదే సౌత్‌లేక్ కారల్ హైస్కూల్. అక్కడి క్విన్ యూవర్స్‌కూ నూటికి నూరే పడ్డాయి. కాలేజీలో టెక్సస్ జట్టును రెండేళ్లు వరుసగా జాతీయ సెమీఫైనల్‌కు తీసుకెళ్లాడు, తక్కువ పనేమీ కాదు. ఎన్ఎఫ్ఎల్ మాత్రం 2025లో 230 మందిని పిలిచాకే వాణ్ని పిలిచింది. నూరు మార్కులు వేసినవాళ్లు గెలిచారా అంటే, ఏ తరగతి పరీక్షలో అని తిరిగి అడగాలి.

చెక్కినవాడు ఒకడు, ఊరేగించేది ఇంకొకడు

2021లో రెండు తలుపులు దాదాపు ఒకేసారి తెరుచుకున్నాయి. కాలేజీ మారితే ఒక ఏడాది కూర్చోవాలన్న పాత నిబంధనను మొదటి బదిలీకి ఎత్తేశారు. జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చన్నారు. 2025 జూన్‌లో కోర్టు ఒప్పందం ఖాయమయ్యాక విశ్వవిద్యాలయాలే ఏటా సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచడం మొదలైంది. 1964 నుంచి నడిచిన సంతకాల పత్రం 'నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్' అంతకు ముందు ఏడాదే రద్దయిపోయింది.

దీంతో అయోవా తరహా ఓపిక ఖరీదైన వ్యవహారమైంది. రెండేళ్లు తిండి పెట్టి, బరువులెత్తించి, త్రీ స్టార్‌ను మంచి ఆటగాడిగా చేసిన చిన్న జట్టు, మూడో ఏడు వాడు పెద్ద జట్టుకు వెళ్తుంటే చూస్తూ ఉండాలి.

సరిగ్గా ఈ చోటే ఇండియానా విశ్వవిద్యాలయం అందరి లెక్కలూ తారుమారు చేసింది. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో అత్యధిక ఓటములు మూటగట్టుకున్న జట్లలో ఇండియానా ఒకటి. 2023లో గెలిచింది మూడే ఆటలు. ఆ ఏడాది చివర జేమ్స్ మాడిసన్ అనే చిన్న విశ్వవిద్యాలయం నుంచి కర్ట్ సిగ్నెట్టీని కోచ్‌గా తెచ్చుకున్నారు. అరవై దాటిన మనిషి. మిమ్మల్ని నమ్మి కుర్రాళ్లు ఎందుకొస్తారని అడిగితే, నేను గెలుస్తాను, గూగుల్ చేసి చూసుకోండి అన్న అర్థంలో జవాబిచ్చాడు. మొదటి ఏడు 11 గెలుపులు. 2025 సీజన్‌లో 16 ఆడి 16 గెలిచి, 2026 జనవరి 19న మయామీని 27–21తో ఓడించి జాతీయ విజేత. బ్లూ చిప్ గీత దరిదాపుల్లో కూడా లేని జట్టు.

క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా మయామీ కుర్రాడు. హైస్కూల్ ర్యాంకుల్లో వాడి పేరు వెతకాలంటే చాలా కిందికి దిగాలి. ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్పులే ఇవ్వని యేల్‌కు మొదట మాటిచ్చి, చివర్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పిలిస్తే అక్కడికి వెళ్లాడు. మూడేళ్ల తర్వాత ఇండియానాకు మారి, మొదటి సీజన్‌లోనే హైస్మన్ గెలిచాడు. ఫైనల్ గెలిచింది పెరిగిన ఊరి స్టేడియంలో, ఒకప్పుడు తనను వద్దనుకున్న ఊరి జట్టు మీద.

చెక్కడమే గొప్పదని వాదించేవాళ్లు ఎగిరి గంతేశారు. నక్షత్రాలు చచ్చాయన్నారు. కొంచెం ఆగి చూస్తే అంత తేలిక కాదు. సిగ్నెట్టీ జేమ్స్ మాడిసన్ నుంచి తన వెంట డజనుకు పైగా ఆటగాళ్లను తీసుకొచ్చాడు. డిఫెన్స్‌కు ఆయువుపట్టులైన ఏడెన్ ఫిషర్, మికేల్ కమారా, డి'ఆంజెలో పాండ్స్ అలా వచ్చినవాళ్లే. వాళ్లను చెక్కింది ఆయనే, నిజమే, కాకపోతే వేరే కాలేజీ డబ్బుతో. మెండోజాకు రెండేళ్లు ఆడించి ఆట నేర్పింది కాలిఫోర్నియా. ఇండియానా తీసుకున్నది పదిహేడేళ్ల అంచనాలను కాదు, ఇరవై ఒకటి ఇరవై రెండేళ్ల రుజువులను. నక్షత్రాల పట్టిక ఈ జట్టును పట్టుకోలేకపోవడానికి ముఖ్య కారణం అది కొలిచిన కుర్రాళ్లు అప్పటికే వేరే మనుషులైపోవడం. ఒళ్లు తయారయ్యాక, ఆట చూశాక ఎంచుకోవడం కూడా ఏరుకోవడమే. బడ్ ఎలియట్ సూత్రం పూర్తిగా తప్పలేదు, కొలవాల్సిన వయసు మారిందంతే.

జోస్యాల సంస్థలకు ఆ సంగతి అర్థమైంది. ఇప్పుడు బదిలీ ఆటగాళ్లకూ వేరుగా నక్షత్రాలిస్తున్నారు, వాళ్లు ఏ జట్టుకు వెళ్తారో అంచనాలు కడుతున్నారు. 2026లో ఆ బదిలీల గడువు జనవరి 2 నుంచి 16 దాకా. సరిగ్గా ఆ మధ్యలో, 9న ఇండియానా సెమీఫైనల్‌లో ఒరెగాన్‌ను 56–22తో చిత్తుచేసింది. ఆ వారం ఇండియానా అభిమాని ఒక కన్ను టీవీ మీద, ఒక కన్ను ఫోన్ మీద పెట్టుకుని, వచ్చే సీజన్‌కు ఏ కాలేజీ కుర్రాళ్లను తెస్తారన్న వాదనలో పడ్డాడు. జట్టు ఇంకా ఫైనల్ ఆడనే లేదు.